ఇంట్లోనే రీలు కడగడం: మన ఎండలకు తగ్గ డార్క్‌రూమ్

ఏ బ్లాక్ అండ్ వైట్ డెవలపర్ (రీలు మీద దాగిన బొమ్మను బయటికి తెచ్చే మందు) డబ్బా మీద చూసినా దాదాపు 20 డిగ్రీలు అనే రాసి ఉంటుంది. మే నెలలో ఒక మధ్యాహ్నం మా ఇంటి కుళాయి కింద థర్మామీటర్ పెట్టాను. మేడ మీద ట్యాంకులోంచి వస్తున్న నీళ్లు 36 డిగ్రీలున్నాయి. రీళ్లు కడగడం మొదలుపెట్టే వాళ్లందరూ చీకటి గది గురించి టెన్షన్ పడతారు. చీకటిదేముంది, కిటికీకి నల్ల చార్టు అతికిస్తే వచ్చేస్తుంది. విజయనగరం, శ్రీకాకుళంలాంటి ఊళ్లలో అసలు పేచీ వేడితోనే. అందుకే ఇందులో నీళ్ల గురించి ఎక్కువ, కెమెరాల గురించి తక్కువ ఉంటుంది.

ఇది బ్లాక్ అండ్ వైట్ పని మాత్రమే. కలర్ రీలు డెవలపర్‌ని 38 డిగ్రీల దగ్గర కదలకుండా నిలపాలి. దాని జోలికి మొదటి ఏడాది పోకండి.

కెమెరా, రీలు

ఇంట్లో పాత కెమెరా ఉంటే అదే వాడండి. పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం2 లాంటివైతే బ్యాటరీ లేకపోయినా షట్టర్ పనిచేస్తుంది, బ్యాటరీ వెలుతురు కొలిచే మీటరుకు మాత్రమే. మన స్టూడియోల్లో రెండు కళ్ల యాషికా మ్యాట్ చాలాకాలం రాజ్యమేలింది. బీరువాలో తాతగారి ఆగ్ఫా క్లిక్ 3 దొరికితే ఇంకా మంచిది. అది 35 ఎంఎం కంటే వెడల్పైన 120 రీలు మీద 12 చదరపు ఫోటోలు తీస్తుంది, నెగెటివ్ పెద్దది కాబట్టి ఎన్లార్జర్ (నెగెటివ్‌ను పెద్దది చేసి పేపరు మీద పడేసే యంత్రం) లేకుండానే ప్రింటు వేసుకోవచ్చు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

కొనే ముందు లెన్సులోంచి కిటికీ వైపు చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. మన తీరంలో వానాకాలం తేమకి చాలా లెన్సులకు ఈ జబ్బు వస్తుంది. కొంచెం ఉంటే ఫోటో పాడవదు, ధర తగ్గించమని అడగడానికి మాత్రం పనికొస్తుంది.

ఒకప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఇందు రీళ్లు తయారయ్యేవి. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు. ఇల్‌ఫర్డ్, కెంట్‌మియర్, ఫోమా, కొడాక్ రీళ్లను ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. మొదట 400 స్పీడు రీలు తీసుకోండి, స్పీడు అంకె పెద్దదైతే తక్కువ వెలుతురు చాలు. విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను తిరిగేది దసరా దాటాక వచ్చే మంగళవారం, మధ్యాహ్నం వాలాక. మాను చివర కూర్చున్న పూజారి గాల్లో ఊగుతూ ఉంటారు, వెలుతురు నిమిషనిమిషానికీ పడిపోతూ ఉంటుంది. 100 స్పీడు రీలుతో అక్కడ నిలబడితే మిగిలేది మసకే. ఎర్రటి ఎండలో మీటరు లేకపోయినా 400 రీలుకు లెన్సు రంధ్రం ఎఫ్/16, షట్టర్ వేగం 1/500 పెట్టి కొట్టేయొచ్చు.

రీలు వచ్చాక ఫ్రిజ్‌లో పెట్టండి. తీసిన వెంటనే డబ్బా మూత తీయకండి, చల్లటి ఫిల్మ్ మీద తేమ పడుతుంది. గంటసేపు బయట ఉంచి అప్పుడు తీయండి.

చీకటి

రెండు పనులకు రెండు రకాల చీకటి కావాలి. రీలును డబ్బాలోంచి తీసి కడిగే ట్యాంకులో (మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా) ఎక్కించేటప్పుడు కటిక చీకటి ఉండాలి, ఎర్ర బల్బు కూడా పనికిరాదు. దీనికి గది అవసరం లేదు. రెండు చేతులు దూర్చే ఛేంజింగ్ బ్యాగు చాలు. కాకపోతే మన ఉక్కకు ఆ సంచిలో అయిదు నిమిషాల్లో చేతులు చెమట పడతాయి, చెమటకు ఫిల్మ్ అతుక్కుంటుంది. అందుకని నేను రాత్రి ఎనిమిది దాటాక బాత్రూమ్‌లోనే ఎక్కిస్తాను, తలుపు కింద సందులో తువ్వాలు కుక్కి.

ప్రింటు వేసేటప్పుడు ఎర్ర వెలుగు ఉండొచ్చు. బ్లాక్ అండ్ వైట్ పేపరుకు ఎరుపు కనిపించదు. దేవుడి గదిలో పెట్టే ఎర్ర జీరో వాట్ బల్బు పనికొస్తుందా అని అందరూ అడుగుతారు. కొన్ని పనికొస్తాయి, కొన్నిటికి రంగు రాలిన చోట తెల్ల వెలుగు కారుతుంది. పరీక్ష సులువే. పేపరు ముక్క మీద ఎన్లార్జర్‌తో లేత బూడిద రంగు వచ్చేంత వెలుగు కొట్టండి. దాని మీద రూపాయి బిళ్ల పెట్టి ఎర్ర బల్బు కింద అయిదు నిమిషాలు ఉంచి కడగండి. బిళ్ల గుండ్రం కనిపిస్తే ఆ బల్బు పనికిరాదు. బల్బును ట్రేలకు నాలుగడుగుల దూరంలో పెట్టండి.

గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాక పది నిమిషాలు ఊరికే కూర్చోండి. అప్పుడు కనిపిస్తాయి దొంగ వెలుగులన్నీ: గీజర్ లైటు, దోమల మిషన్ చుక్క, చేతికున్న స్మార్ట్ వాచీ, జేబులో ఫోను. ఇంకో మాట. మధ్యలో కరెంటు పోతే ముందు చేయాల్సిన పని తెల్ల లైటు స్విచ్ ఆపి ఉందో లేదో తడిమి చూసుకోవడం. పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చినప్పుడు ట్యూబులైటు వెలిగిందంటే విప్పి ఉన్న పేపరు ప్యాకెట్టు మొత్తం నల్లబడి పోతుంది. నాకు అలా ఒకసారి 25 షీట్లు పోయాయి.

బాత్రూమ్‌లో ఎన్లార్జర్ పెట్టేవాళ్లు మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ ఉన్న సాకెట్టు వాడండి. ట్రేలు ఒక పక్క, కరెంటు వస్తువులు ఇంకో పక్క ఉండాలి. తడి చేత్తో స్విచ్ ముట్టుకోకండి.

నీళ్లు, వేడి

ఫిల్మ్ మీద ఉండే పూత జెలటిన్. వెండి లవణాలు అందులోనే ఉంటాయి. జెలటిన్ నీళ్లలో ఉబ్బుతుంది, వేడికి మెత్తబడుతుంది. మెత్తబడ్డాక గోరు తగిలినా ఊడి వస్తుంది. వేడి డెవలపర్‌లోంచి ఒక్కసారిగా చల్లటి నీళ్లలో వేస్తే ఎండిన చెరువులా పగుళ్లు పడుతుంది. పైగా వేడి పెరిగేకొద్దీ డెవలపర్ తొందరగా పనిచేసి నెగెటివ్ మరీ నల్లగా, గరుకుగా వస్తుంది.

20 డిగ్రీల కోసం వెంపర్లాడకండి. మన దగ్గర 24 పెట్టుకోండి, కడిగే సమయం తగ్గించుకోండి. 20 దగ్గర పట్టే సమయంలో సుమారు ముప్పాతిక వంతు కంటే కొంచెం తక్కువ పడుతుంది. ఉదాహరణకు ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ రీలును డి-76 డెవలపర్ ఒక వంతు, నీళ్లు ఒక వంతు కలిపి కడిగితే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. 24 దగ్గర దాదాపు 8 నిమిషాలు. ఎంత వేడిలోనైనా సమయం 5 నిమిషాల కంటే తక్కువకు పడిపోకూడదు. ట్యాంకులో పోయడానికీ తీయడానికీ పట్టే సెకన్లలోనే తేడా వచ్చి మచ్చలు పడతాయి. నీళ్లు కలపని డెవలపర్ కంటే సగానికి సగం కలిపినది వాడమనడానికి అదీ ఒక కారణం.

24 ఎలా తేవాలి? డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున నీళ్లే దారికొస్తాయి. మా ఇంట్లో ప్రింట్ల పని మొత్తం సంక్రాంతి లోపలే చేస్తాను. మిగతా నెలల్లో ఇలా చేయండి. బట్టలు నానబెట్టే పెద్ద టబ్బులో నీళ్లు పోసి, ఐసు ముక్కలు వేసి 23 దగ్గరకు తెండి. డెవలపర్, హైపో (బొమ్మను నిలిపే మందు) సీసాలు, కడగడానికి నాలుగైదు లీటర్ల నీళ్ల సీసాలు, ట్యాంకు అన్నీ అందులో నిలబెట్టండి. అరగంటలో అన్నీ ఒకే వేడికి వస్తాయి. ఐసు టబ్బులోనే వేయాలి, డెవలపర్‌లో వేస్తే నీరై దాన్ని పలచన చేస్తుంది. మరీ అవసరమైతే ప్లాస్టిక్ కవర్లో ఐసు కట్టి ముంచి తీయండి.

కుండ నీళ్లు బాగా చల్లగా ఉంటాయి కదా అనుకుంటారు. సాలూరు వైపు పొడి ఎండలో కుండ బాగా పనిచేస్తుంది. కళింగపట్నం, భోగాపురం వైపు గాల్లోనే తడి ఉంటుంది కాబట్టి కుండ చెమర్చినా అంత చల్లబడదు. ఐసే దిక్కు.

అన్నీ ఒకే వేడిలో ఉండటం 24 అంకె కంటే ముఖ్యం. అన్నీ 26 ఉంటే పరవాలేదు. డెవలపర్ 24, కుళాయి 34 అయితే అక్కడే పగుళ్లు. చాలామంది డెవలపర్‌ను మాత్రం చల్లబరిచి, చివర కడగడానికి కుళాయి తిప్పేస్తారు.

ఇక నీళ్ల రకం. తీరం పక్కన బోరు నీళ్లు ఉప్పగా, జిడ్డుగా ఉంటాయి. డెవలపర్ కలపడానికి, చివరిసారి ముంచడానికి డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఇన్వర్టర్ బ్యాటరీల షాపులో అయిదు లీటర్ల క్యాన్లు ఉంటాయి. "డిస్టిల్డ్ వాటర్" అని నోరారా అడగండి. అదే షాపులో బ్యాటరీ యాసిడ్ కూడా అలాంటి క్యాన్లలోనే ఉంటుంది. మధ్యలో కడుక్కోవడానికి మామూలు నీళ్లు చాలు.

మందులు

రెడీమేడ్ పొడి ప్యాకెట్లు దొరికితే హాయిగా అవే కలుపుకోండి. దొరకనప్పుడు విశాఖలో ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులకు వెళ్లి విడివిడిగా కొనుక్కోవచ్చు. 0.1 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా, మందుల షాపులో 10 మి.లీ. సిరంజి, ఒక థర్మామీటర్ ఉంటే చాలు.

డి-76 అనేది 1920ల నాటి డెవలపర్. లీటరుకు కావలసినవి: మెటాల్ 2 గ్రాములు, నీరులేని సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. ముప్పావు లీటరు నీళ్లు 50 డిగ్రీలకు, అంటే చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడి చేయండి. ముందు చిటికెడు సల్ఫైట్, ఆ వెంటనే మెటాల్. మెటాల్ కరిగాకే మిగతా సల్ఫైట్ పోయండి. సల్ఫైట్ మొత్తం ముందే వేసేస్తే మెటాల్ కరగనని మొండికేస్తుంది. తర్వాత హైడ్రోక్వినోన్, బోరాక్స్. చివర్లో నీళ్లు పోసి లీటరు చేయండి. ఒక రాత్రి ఆగి వాడండి. నిండా పోసి బిగించిన సీసాలో ఆరు నెలలు, సగం ఖాళీ సీసాలో రెండు నెలలు ఉంటుంది. నీళ్లు కలిపినది మాత్రం ఒక్కసారికే, పారబోయాలి.

సల్ఫైట్ కొనేటప్పుడు చీటీ మీద పేరు మూడుసార్లు చదవండి. సల్ఫైట్, సల్ఫేట్, సల్ఫైడ్ మూడూ వేరు. నేను మొదటిసారి సల్ఫైట్ అడిగితే ఒక షాపులో సల్ఫేట్ కట్టి ఇచ్చారు, నేనూ చూసుకోలేదు. కలిపిన డెవలపర్ తెల్లారేసరికి టీ డికాక్షన్ రంగుకు తిరిగింది. డెవలపర్‌ను గాలి తినకుండా కాపాడేది సల్ఫైటే. సల్ఫైడ్ అయితే ఇంకా ప్రమాదం, యాసిడ్ తగిలితే విషపు గ్యాస్ వస్తుంది.

మెటాల్ కొందరి చర్మానికి పడదు, వేళ్ల మధ్య దురద పుట్టి పగులుతుంది. రబ్బరు గ్లవ్స్ తొడుక్కోండి, ప్రింట్లను పటకారుతో తీయండి. పొడులు కొలిచేటప్పుడు ఫ్యాను ఆపండి.

డెవలపర్ పనిని ఆపడానికి దాని తర్వాత వాడే స్టాప్ బాత్‌కు వంటింట్లో నిమ్మ ఉప్పు చాలు. లీటరు నీళ్లకు 15 గ్రాములు. ఎసిటిక్ యాసిడ్ వాడేవాళ్లు యాసిడ్‌ను నీళ్లలో పోయాలి గానీ నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు.

ఇక హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్. వెలుగు తగలని వెండి లవణాన్ని కరిగించి తీసేసేది ఇదే. తీరం వెంట రొయ్యల హేచరీల్లో నీళ్లలో క్లోరిన్ పోగొట్టడానికి కూడా దీన్నే వాడతారు కాబట్టి, హేచరీలకు సరుకు అమ్మే షాపులో పలుకుల రూపంలో కిలోల లెక్కన దొరుకుతుంది. లీటరుకు హైపో పలుకులు 240 గ్రాములు, సల్ఫైట్ 10 గ్రాములు, సోడియం బైసల్ఫైట్ 25 గ్రాములు. హైపో కరిగేటప్పుడు నీళ్లు గజగజలాడేంత చల్లబడతాయి. వేడి నీళ్లతో మొదలుపెట్టండి. ఎండాకాలం మా పిల్లలు ఆ సీసాను చెంపకు ఆనించుకుంటామని వెంటపడతారు, మూత బిగించాకే ఇస్తాను.

పాత స్టూడియోల్లో ఎండాకాలం హైపోలో పటిక కలిపేవారు. గడ్డం గీసుకున్నాక రాసుకునే ఆ పటికే. అది జెలటిన్‌ను బిగిస్తుంది. మీకు వేడి 27, 28 దాటక తప్పదంటే ఇలా కలపండి. లీటరుకు హైపో 240 గ్రాములు, సల్ఫైట్ 15 గ్రాములు, గాఢమైన ఎసిటిక్ యాసిడ్ 13 మి.లీ. (ముందే కొద్ది నీళ్లలో కలిపి), బోరిక్ పౌడర్ 7.5 గ్రాములు, పటిక పొడి 15 గ్రాములు. బోరిక్ పౌడర్ అంటే క్యారమ్ బోర్డు మీద చల్లుతారే, అదే, కాకపోతే మందుల షాపులో శుభ్రమైనది కొనండి. ఈ వరసలోనే, ఒకటి పూర్తిగా కరిగాకే ఇంకోటి వేయాలి. సల్ఫైట్ కంటే ముందు యాసిడ్ పడితే హైపో విరిగి గంధకం పుడుతుంది, సీసా పాల రంగుకు మారుతుంది. అది ఇక పనికిరాదు. పటిక వాడిన ఫిల్మ్‌ను ఎక్కువసేపు కడగాలి. 24 దగ్గర కడిగేవాళ్లకు ఇదేమీ అవసరం లేదు, ఇప్పటి ఫిల్మ్‌లు తయారీలోనే గట్టిపడి వస్తున్నాయి.

కాఫీతో కూడా రీలు కడగొచ్చని విని ఉంటారు. నిజమే. ఇన్‌స్టంట్ కాఫీ, చాకలి సోడా, విటమిన్ సి కలిపితే డెవలపర్ అవుతుంది. దాని కంపు మాత్రం గది వదలదు. దానికి ఖరీదైన అరకు కాఫీ అక్కర్లేదు, చవక రకమే బాగా పనిచేస్తుంది, చికోరీ కలవనిది చూసుకోవాలి. సరదాకి ఒకసారి చేయండి, పెళ్లి రీలు మీద మాత్రం వద్దు.

సీసాలన్నిటి మీదా పేరు, తేదీ రాయండి. కూల్‌డ్రింక్ సీసాల్లో పోయకండి. ఇంట్లో ఎవరో ఒకరు దాహంతో వస్తారు.

రీలు కడగడం

కావలసింది ప్లాస్టిక్ ట్యాంకు, దానిలో తిరిగే చక్రం. ఒక 35 ఎంఎం రీలుకు ప్యాటర్సన్ ట్యాంకులో 290 మి.లీ., 120 రీలుకు 500 మి.లీ. పడుతుంది. ముందు ఒక పాత రీలును బలి ఇచ్చి, వెలుగులో పదిసార్లు ఎక్కించండి. తర్వాత కళ్లు మూసుకుని పదిసార్లు. చేతులకు అలవాటైతేనే చీకట్లోకి వెళ్లండి.

చక్రం బొత్తిగా పొడిగా ఉండాలి. నా రెండో రీలు, శ్రీకూర్మంలో తాబేళ్లను తీసింది, చక్రానికి తడి ఉండటంతో మధ్యలో ఇరుక్కుంది. బలంగా తోశాను, మడత పడింది. రెండు చుట్లు ఒకదానికొకటి అతుక్కున్న చోట మందు చేరక తొమ్మిది ఫోటోలు పోయాయి. వానాకాలంలో చక్రాన్ని హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి మొదలుపెట్టండి. ఇరుక్కుంటే తోయకండి, బయటికి లాగి మళ్లీ ఎక్కించండి.

చీకట్లో వరస ఇది. డబ్బా మూతను సీసా ఓపెనర్‌తో ఊడదీయాలి. నాలుకలా ఉన్న మొదటి ముక్కను కత్తెరతో అడ్డంగా కోసి, మూలలు కొంచెం గుండ్రం చేయాలి. చక్రంలోకి ఒక జానెడు నెట్టి, ఇక రెండు చేతులా ముందుకూ వెనక్కూ తిప్పుకుంటూ పోవాలి. చివర ఇరుసుకు అతికించిన టేపు దగ్గర కోసి, చక్రాన్ని ట్యాంకులో దించి, మధ్య గొట్టం మరచిపోకుండా మూత బిగించాలి. ఆ గొట్టం లేకపోతే మూత పెట్టినా వెలుగు దూరుతుంది. కత్తెర ఎక్కడ పెట్టారో ముందే గుర్తు పెట్టుకోండి, చీకట్లో దాని మీద కూర్చున్నవాళ్లు ఉన్నారు.

మూత పడ్డాక లైటు వేసుకోవచ్చు. ముందు అదే వేడి ఉన్న నీళ్లు ఒక నిమిషం పోసి పారబోయండి. నీళ్లు ఊదాగానో ఆకుపచ్చగానో వస్తే కంగారు పడకండి, అది ఫిల్మ్ వెనక ఉండే రంగు.

డెవలపర్ పోసి గడియారం మొదలుపెట్టండి. మొదటి పది సెకన్లలో ట్యాంకును నాలుగుసార్లు తలకిందులు చేసి, నేలకు రెండుసార్లు టకటకా కొట్టండి, బుడగలు వదులుతాయి. ఆపై ప్రతి నిమిషం మొదట్లో నాలుగుసార్లు తిప్పండి. కొబ్బరినీళ్లు తాగేముందు బోండాం ఊపినట్టు ఎడాపెడా ఊపకండి, అంచుల్లో చారలు పడతాయి. మధ్యలో ట్యాంకు టబ్బులోనే ఉండాలి, చేతుల వేడి కూడా తగులుతుంది. చివరి పది సెకన్లలో పారబోసి, స్టాప్ బాత్ అర నిమిషం.

తర్వాత హైపో. ఎంతసేపు అన్నది రీలుతోనే తేల్చుకోండి. మీరు కోసి పారేసిన ఆ నాలుక ముక్కను వెలుగులో హైపోలో వేయండి. బూడిద రంగు పోయి అద్దంలా తేటపడటానికి ఎంత పట్టిందో, దానికి రెట్టింపు సేపు రీలును ఉంచండి. కొత్త హైపోలో పట్టిన దానికి రెట్టింపు సమయం పడుతోందంటే ఆ హైపో అలసిపోయినట్టే.

ఒక పాత స్టూడియో యజమాని, నేను మావయ్యా అని పిలుస్తాను, నాకు మొదటి రోజు చెప్పింది ఒక్కటే. "బాబూ, డెవలపర్ చెయ్యి హైపోలో పడితే పర్లేదు, హైపో చెయ్యి డెవలపర్‌లో పడిందంటే ఆ రోజు పని ఆగిపోతాది." ఇప్పటికీ డెవలపర్ ట్రేకి, హైపో ట్రేకి నా దగ్గర వేర్వేరు రంగుల పటకార్లున్నాయి.

కడగడానికి కుళాయి గంటసేపు వదలక్కర్లేదు. టబ్బులోని నీళ్లు ట్యాంకు నిండా పోసి 5 సార్లు తిప్పి పారబోయండి. మళ్లీ పోసి 10 సార్లు. మళ్లీ పోసి 20 సార్లు. పటిక లేని హైపోకు ఈ ఇల్‌ఫర్డ్ పద్ధతి సరిపోతుంది. చివర డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల వెట్టింగ్ ఏజెంట్ వేసి ముంచి తీయండి, చుక్కల మరకలు పడవు.

ఆరేసే చోట దుమ్ము ఉండకూడదు. బాత్రూమ్‌లో తీగకు పైన ఒక క్లిప్పు, కింద బరువుకు ఇంకో క్లిప్పు పెట్టి, తలుపు వేసి బయటకు వచ్చేయండి. ఫ్యాను వద్దు. తడి జెలటిన్ అంటే బొద్దింకలకు మహా ఇష్టం, రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి అంచు కొరికి ఉంటుంది. మూడు నాలుగు గంటల్లో ఆరగానే ఆరు ఫోటోల చొప్పున ముక్కలుగా కోసుకోండి.

ప్రింటు

ఎన్లార్జర్ దొరికేదాకా ఆగక్కర్లేదు. పేపరు మీద నెగెటివ్‌లు పరిచి, పైన గాజు పలక పెట్టి, చిన్న బల్బు కొన్ని సెకన్లు వెలిగిస్తే కాంటాక్ట్ ప్రింటు వస్తుంది. 36 ఫోటోల రీలును ఆరు ముక్కలు చేసి ఆరు వరసలుగా పరిస్తే 8x10 అంగుళాల షీటు మీద సరిపోతాయి. క్లిక్ 3 నెగెటివ్ ఆరు సెంటీమీటర్ల చదరం కాబట్టి కాంటాక్ట్ ప్రింటే ఆల్బమ్‌లో పెట్టుకోవచ్చు.

ఎన్లార్జర్ కొత్తది వెతక్కండి. మూతపడిన స్టూడియోల అటకల మీద చాలా ఉన్నాయి. 35 ఎంఎంకు 50 ఎంఎం లెన్సు, చదరపు నెగెటివ్‌కు 75 లేదా 80 ఎంఎం లెన్సు ఉందా చూడండి. బెలోస్ (లెన్సు పైన ఉండే మడతల గొట్టం) లోపల బల్బు పెట్టి చీకట్లో చూస్తే చిల్లులు బయటపడతాయి. మన దగ్గర సాయంత్రం వోల్టేజీ ఊగుతూ ఉంటుంది. బల్బు మసకబారితే ప్రింటు తెల్లబోతుంది, అదే పదిహేను సెకన్లకు ఈ ప్రింటు ఒకలా, తర్వాతది ఒకలా వస్తాయి. టీవీకి పెట్టే స్టెబిలైజర్ ఒకటి మధ్యలో పెట్టండి.

పేపరు మల్టీగ్రేడ్ ఆర్‌సీ రకంతో మొదలుపెట్టండి. ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి రెండు నిమిషాల్లో కడుగుడు అయిపోతుంది, వంకర పోదు. పాత స్టూడియోల్లో వాడిన ఫైబర్ పేపరు చూడ్డానికి గొప్పగా ఉంటుంది, కానీ గంటసేపు కడగాలి, ఎండేటప్పుడు అప్పడంలా ముడుచుకుంటుంది, ఎండాక ఒక పిసరు నల్లబడుతుంది కూడా. మల్టీగ్రేడ్‌కు పసుపు ఫిల్టరు పెడితే మెత్తని ప్రింటు, మెజెంటా పెడితే నలుపు తెలుపు విడివిడిగా ఉండే గట్టి ప్రింటు వస్తాయి. అంకెలు 00 నుంచి 5 దాకా. 2తో మొదలుపెట్టండి.

లెన్సును ఎఫ్/8కి మూసి, పేపరును వేలెడు ముక్కగా కోసి, దాని మీద అట్ట అడ్డం పెట్టి మూడేసి సెకన్లకు జరుపుతూ వెలుగు కొట్టండి. పేపరుకు వాడే డెవలపర్‌లో ఒక నిమిషం పూర్తిగా ఉంచండి. నల్లబడుతోందని ముప్పై సెకన్లకే లాగేస్తే బురద రంగు వస్తుంది. స్టాప్ బాత్ పది సెకన్లు, హైపో రెండు నిమిషాలు. ఎర్ర లైటు కింద ప్రింటు అసలు కంటే నల్లగా కనిపిస్తుంది, అందుకే తెల్ల లైటు వేసి చూశాకే సెకన్లు ఎంచుకోండి. లైటు వేసే ముందు పేపరు ప్యాకెట్టు మూసి ఉందో లేదో చెయ్యి పెట్టి చూడండి.

ఇక్కడి నుంచి పని చేతులది. కళింగపట్నం లైట్‌హౌస్ ఫోటోలో ఆకాశం తెల్లగా వెలవెలబోతోందనుకోండి. ప్రింటుకు పన్నెండు సెకన్లు కొట్టాక, కింది సగానికి అరచేతులు అడ్డం పెట్టి ఆకాశానికి మరో ఎనిమిది సెకన్లు ఇవ్వండి, చేతులు కదుపుతూనే ఉండాలి, లేకపోతే గీత పడుతుంది. గంటస్తంభం కింద అరుగు నీడలో కూర్చున్న మనిషి ముఖం నల్లబడితే, సన్నని తీగ చివర గుండ్రటి అట్ట ముక్క అతికించి ఆ ముఖం మీద మూడు సెకన్లు ఆడించండి. ఒక మంచి ప్రింటుకు నాకు ఇప్పటికీ నాలుగైదు పేపర్లు అవుతాయి. ఒక రాత్రికి రెండు ఫోటోలు తేలితే ఎక్కువే.

వాడేసిన హైపో

వాడిన డెవలపర్, నిమ్మ ఉప్పు నీళ్లు రెండూ కలిపి ధారాళంగా నీళ్లతో మురుగు కాలువలో పోసేయొచ్చు. హైపోను అలా వదలకండి. అందులో మీ ఫోటోల్లోంచి కరిగిన వెండి ఉంటుంది, చెరువులో చేపలకూ సూక్ష్మజీవులకూ అది విషం. పాతకాలం స్టూడియోల వాళ్లు హైపోను డ్రమ్ముల్లో దాచి వెండి తీసేవాళ్లకు అమ్మేవారు. మీకు వచ్చేది ఏడాదికి ఒక క్యాను. అందులో గిన్నెలు తోమే ఇనుప పీచు వేసి వారం రోజులు ఉంచండి. ఇనుము కరిగి, దాని స్థానంలో వెండి నల్లటి బురదలా అడుగుకు చేరుతుంది. క్యానుకు మూత వదులుగా పెట్టి, గాలి ఆడే చోట, పిల్లలకు అందకుండా ఉంచాలి. పాత గుడ్డతో వడగట్టి ఆ బురదను దాచుకోండి. మూడేళ్ల బురద నా దగ్గర హార్లిక్స్ సీసాలో పావు వంతు కూడా కాలేదు. కంసాలి దగ్గరకు పట్టుకెళ్తే నవ్వి, ఇంకో పదేళ్లు ఆగి రమ్మన్నాడు.